మా ఇంటి పేకబల్ల

ఎనిమిదో తరగతి పిల్లల చేతుల్లోంచి పేకను లాక్కొని ముక్కలు ముక్కలుగా చింపిపారేసిన తెలుగు మాస్టారొకడు, అరవై ఆరో యేట తన ఇంటి వసారాలో పేకాటకని ప్రత్యేకంగా ఒక బల్ల చేసుకొన్నాడంటే లోకం నవ్వకుండా ఉంటుందా? ఆ మాస్టారిని నేనే. ఎవరో నవ్వి వ్రాయకముందే నేనే వ్రాసుకొంటే మంచిదనిపించి ఈ టపాకు పూనుకొన్నాను. మిత్రులు తీరికగా చదివి, తిట్టదలచిన చోట తిట్టవచ్చు.

దీనికి నాంది పలికినవాడు మా అల్లుడు. అతడు అమెరికాలో టెక్సాసు రాష్ట్రంలో ఉంటాడు. కారు నిలుపుకొనే గదిలో, సెలవురోజుల్లో, ప్లైవుడ్డు కోసి, స్పాంజి పరచి, పైన పచ్చని గుడ్డ బిగించి, చుట్టూ మెత్తని దిండుగట్టు పెట్టి, ఎనిమిది అడుగుల కోలబల్ల ఒకటి తయారుచేశాడు. పోకరు ఆటకట. పంచేవాడు కూర్చొనేందుకు ఒక పక్క మధ్యలో చోటు, మిగిలినవారికి చుట్టూ స్థానాలు, గ్లాసు పెట్టుకోవడానికి గుండ్రని ఇత్తడి గిన్నెలు. ఫొటో పంపి, "మావయ్యగారూ, ఎలా ఉంది?" అన్నాడు. జూదపు బల్ల ఎలా ఉందని మామగారిని అడిగే అల్లుడు పూర్వం ఉండేవాడు కాడు. కాని నిజం చెప్పవద్దూ, గట్టు మూలలు కలిసిన తీరు చూచి ముచ్చటపడ్డాను. "పని బాగుంది బాబూ, ఆట సంగతి తర్వాత మాట్లాడుకొందాం" అని జవాబిచ్చాను. ఆ తర్వాత నాలుగు రాత్రులు ఆ బల్లే కళ్ళలో మెదిలింది.

మన తెలుగువాళ్ళకు పేకాట ఉన్నది గాని పేకబల్ల లేదు. పెళ్ళివారి విడిదిలో జంపఖానా, శివరాత్రి జాగారంలో చాప, ఊరి రచ్చబండ మీద దినపత్రిక, ఇవే మన బల్లలు. విశాఖ నుంచి తెల్లవారి బయలుదేరే ప్యాసింజరు బండ్లలో నిత్యం ఉద్యోగాలకు పోయివచ్చేవారిని చూచినవారికి అన్నిటికన్నా గొప్ప బల్ల ఏదో తెలుసు. ఎదురెదురుగా కూర్చొన్న నలుగురి మోకాళ్ళ మీద బిగువుగా పరచిన తువ్వాలు! తుని వచ్చిందంటే ఒకరు లేస్తారు, ఆట చెదురుతుంది, తువ్వాలు భుజమెక్కుతుంది. ఆ బల్లకు ఉన్న సుగుణమేమంటే స్టేషను రాగానే అది ఉండదు. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో తర్వాత పని ఉన్నది.

అయితే బాసింపట్టు వేసుకొని చాపమీద గంటసేపు కూర్చొనే వయసు మాకు దాటిపోయింది. మా మిత్రబృందం నలుగురం. ఒకరు ఓడరేవులో, ఒకరు ఉక్కు కర్మాగారంలో, ఒకరు రైల్వేలో పనిచేసి దిగినవారు, నాల్గవవాణ్ణి నేను. నలుగురికి కలిపి నొప్పిలేని మోకాళ్ళు మూడో నాలుగో ఉంటాయి. ఆట కావాలంటే బల్ల కావాలి. పోకరు మాకెవరికీ రాదు, మాది పదమూడు ముక్కల రమ్మీ. మిసిసిపీ నది పడవల్లో పెరిగిన ఆట అక్కడిది, మన ఆట మనది. బల్ల మాత్రం ఒకలాంటిదే కావాలి, ఎందుకంటే ఇక్కడా అక్కడా కావలసినవి రెండే: ముక్క జారాలి, ముక్క లేవాలి.

ఈ రెండవది నేను ముందు గ్రహించలేదు. మా భోజనాల బల్లమీద ఆడి చూస్తే సన్‌మైకాకు అతుక్కొన్న ముక్కను లేపడానికి గోరు దిగదు. ముసలివేళ్ళకు అది శిక్ష. అడుగున పావు అంగుళం స్పాంజి ఉంటే వేలు కొద్దిగా దిగబడి ముక్క అంచు దానంతటదే పైకి వస్తుంది. బల్లమీది మెత్తదనం విలాసం కోసం కాదు, ఆ అవసరం కోసం.

చెక్క సంగతికి వస్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా ఊరిమీద విరుచుకుపడిన రోజును విశాఖవాసులెవ్వరూ మరువరు. మర్నాడు తెల్లవారి చూస్తే కైలాసగిరి, సింహాచలం కొండలు ఆకు లేక గోధుమరంగులో నిలబడి ఉన్నాయి. కొండ కింద అడివివరంలో మా పిన్నిగారి పెరట్లోని పనసచెట్టు కూకటివేళ్ళతో లేచి గోడమీద పడింది. సింహాచలం పనస అంటే చెప్పనక్కరలేదు, ఆ చెట్టుకాయ తినని బంధువు మాలో లేడు. వంటచెరుకుగా పోతుంటే మనసొప్పక, మొదలు భాగాన్ని కోత మిల్లుకు తోలించి అంగుళం పలకలుగా కోయించాను. మధ్యమధ్య పుల్లలు పెట్టి ఒకదానిపై ఒకటి పేర్చి, మేడమెట్ల కింద పడుకోబెట్టాను. కోసిన రోజున పసుపుకొమ్మలా ఉన్న చెక్క, పదేళ్ళలో తేనె రంగు దాటి ఎర్రబారింది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఏకాండి వీణలు తొలిచేది ఈ పనసకర్రతోనే. వీణ కావలసిన చెక్కతో పేకబల్ల చేశానన్న అపరాధం నా ఖాతాలో ఉన్నది. ఉంటే ఉండనీయండి, నాకు వీణ రాదు.

కాళ్ళు మాత్రం ఓడరేవు దానం. ఓడల్లో సరుకు కదలకుండా అడుగున వేసే విదేశీ పైను దుంగలు, మనవాళ్ళు వాటినీ దేవదారు అనే అంటారు, పాత కర్ర దుకాణాలకు చేరుతుంటాయి. ఓడరేవు మిత్రుడు వెతికి నాలుగు తెచ్చాడు. ఏ దేశపు అడవిలో పెరిగిందో, ఏ ఓడలో ఏ యంత్రానికి మెత్తగా నిలిచిందో, ఇప్పుడు మా వసారాలో నిలబడింది. ఉక్కు మిత్రుడు అడ్డపట్టీలుగా ఇనుప యాంగిలరు ముక్కలు కోసి, రంధ్రాలు చేసి ఇచ్చాడు. ఆయన లెక్క ప్రకారం మా బల్లమీద ఏనుగు నిలబడవచ్చు. రైల్వే మిత్రుడు సలహాలిచ్చాడు.

ఇక కోత. అల్లుడిలా కోలబల్ల కాక అష్టకోణం చేయాలనుకొన్నాను. పద్ధతి చెబుతాను, కావలసినవారు వ్రాసుకోవచ్చు. నాలుగడుగుల చదరపు పలక తీసుకొని, ప్రతి మూల నుంచి రెండువైపులా 14 అంగుళాల దగ్గర గుర్తుపెట్టి, ఆ గుర్తులను కలిపి మూలలు కోసివేయాలి. 48లో రెండు 14లు పోతే ప్రతి వైపూ 20 మిగులుతుంది. కోసిన వైపు పొడవు 20కి వెంట్రుకవాసి తక్కువ వస్తుంది, కంటికి తెలియదు. ఎనిమిది వైపులూ ఇంచుమించు సమానం. ఇంతవరకు నేనే చేశాను. ఆ తర్వాత చుట్టూ పనసచెక్క గట్టు. ఎనిమిది ముక్కలు, ఒక్కొక్క చివర ఇరవై రెండున్నర డిగ్రీల కోత, మొత్తం పదహారు కోతలు. ఒక్కొక్క కోతలో అర డిగ్రీ తప్పితే చివరి ముక్క దగ్గరకు వచ్చేసరికి ఎనిమిది డిగ్రీల నోరు తెరుచుకొంటుంది. నా మొదటి ప్రయత్నంలో సరిగ్గా అదే తెరుచుకొన్నది. పద్యంలో ఒక గణం తప్పితే ఆ పాదం చెడుతుంది, ఇక్కడ ఒక పాదంలో తప్పు చివరి పాదంలో బయటపడుతుంది. ఛందస్సుకన్నా వడ్రంగం కఠినమని ఒప్పుకొని, మా వీధి చివరి వడ్రంగిని పిలిచాను. ఆయన మూలమట్టం కూడా ముట్టకుండా, రెండు ముక్కలను కలిపిపట్టి ఒకేసారి రంపం దింపి, చిత్రికతో రెండు తోపులు తోసి, సాయంత్రానికి గట్టు అతికాడు. "మాస్టారూ, కొలిస్తే తప్పుతాదండి, కలిపి కోస్తే తప్పదు" అన్నాడు. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, ఇంత పొందికైన వాక్యం తరగతిలో ఎన్నడూ చెప్పలేదు.

పచ్చని బనాతు పూర్ణామార్కెట్టు దాకా పోయి తెచ్చుకొన్నాను. బిగించేటప్పుడు మూలల నుంచి లాగరాదు, ఎదురెదురు వైపుల నడిమి నుంచి లాగుతూ మూలలకు రావాలి, లేకుంటే ముడతలు. ఇది తెలిసి చేశాను. జిగురు తక్కువ పూయాలని తెలియక, ఎక్కువ పూశాను. నేను కూర్చొనే వైపున అరచేయంత మరక బనాతు మీదికి ఊరి, ఇప్పటికీ అలాగే ఉన్నది.

దీనికి పేరేమిటన్న చర్చ మన బ్లాగ్మిత్రులకు ప్రీతికరం కనుక ఒక మాట. వేదంలో పాచికలు వేసే చోటుకు అధిదేవనమని పేరు. ఎనిమిదేసి గళ్ళ ఆటపలకను సంస్కృతంలో అష్టాపదమన్నారు, మా ఎనిమిది మూలల బల్లకు అది అక్రమంగానైనా అమరుతుంది. ఇన్ని పెట్టి పిలిచినా మా ఆవిడ "ఆ పేకబల్ల" అన్నది, అదే నిలిచింది.

ఆమె ఆ రెండు మాటలు పలికిన తీరులోనే అభ్యంతరమంతా ఉన్నది. "బల్ల చేస్తే ఆట వస్తుంది. ఆట వస్తే పందెం వస్తుంది. భారతం చెప్పినవారు మీరే కదా" అన్నది. నిజమే. పాండవులను జూదానికి పిలవడానికి ముందు ధృతరాష్ట్రుడు చేసిన మొదటి పని శిల్పులను పిలిపించి వేయి స్తంభాలతో, నూరు ద్వారాలతో కొత్త సభ కట్టించడం. పాచికలకన్నా ముందు వేదిక తయారయింది. అంత సభ కట్టినాక ఆట వద్దనగలవాడెవడు? కట్టడమే ఆహ్వానం. దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. అయినా బల్ల ఎందుకు చేశానో చెప్పాలంటే ఒక విద్యార్థి సంగతి చెప్పాలి.

1996లోనో 97లోనో, బడి వెనుక చింతచెట్టు కింద నలుగురు పిల్లలు పేకాడుతూ దొరికారు. పందెం చింతపిక్కలు. పేక చింపాను, వాళ్ళను ఎండలో నిలబెట్టాను, చెడుగుణాన్ని మొగ్గలోనే తుంచానని ప్రార్థన సమయంలో ఉపన్యసించాను కూడా. ఆ నలుగురిలో ఒకడు తర్వాత ఒక కర్మాగారంలో కాంట్రాక్టు పనివాడిగా కుదిరాడు. 2019లో మా ఇంటికి వచ్చి, పాప ఫీజు కట్టాలని ఇరవై వేలు అడిగి తీసుకొన్నాడు. ఫీజు కాదని ఆరు నెలల తర్వాత తెలిసింది. ఫోనులో రమ్మీ. అప్పటికే బండి, భార్య గాజులు, మామగారిచ్చిన సొమ్ము పోయాయి. రాత్రి డ్యూటీ విరామంలో మరుగుదొడ్డిలో నిలబడి ఆడేవాడట.

కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చాడు, డబ్బు కోసం కాదు. నేను ఏదో అనబోతుంటే తల వంచుకొనే అన్నాడు: "ఆ వేళ మీరు సింపేసిన పేక పది రూపాయలదండి మాస్టారూ. ఆడ నలుగురం ఉండేవోళ్ళం. ఎవుడు మోసం సేస్తన్నాడో తెలిసేది. ఫోన్లో అటుపక్క ఎవుడున్నాడో ఇప్పటికీ తెల్దండి."

నన్ను నిందించాలని అనలేదు. అయినా అది నాకు తగలవలసిన చోట తగిలింది. నేను ఆరోజు చింపింది చింతపిక్కల ఆటను. నలుగురు ఒకరినొకరు చూచుకొంటూ, పట్టపగలు, బడిగంట కొట్టగానే ఆగిపోయే ఆటను. దాన్ని కంటికి కనబడే చోట ఉండనిచ్చి, ఓటమి అంటే ఏమిటో, ఎక్కడ లేచి రావాలో అక్కడే నేర్పవలసింది. మనం వసారాలోంచి తరిమిన ఆట ఎక్కడికీ పోదు, మనకు కనబడని చోటికి పోతుంది. ఫోనులో స్టేషను రాదు, తువ్వాలు దులిపేవాడు లేడు.

ఫోను ఆటలవారు తమది నైపుణ్యమని ఎన్నో ఏళ్ళు వాదించారు. ఆ వాదానికి ఆధారం మన నేలదే. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1967 నవంబరున సుప్రీంకోర్టు, రమ్మీ మూడుముక్కలాట వంటిది కాదు, పడిన ముక్కలను గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కనుక ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అన్నది. క్లబ్బు పేకకు, కూర్చొన్నందుకు కొద్దిపాటి రుసుము తీసుకొంటే అది జూదగృహం కాదన్నది. అదే తీర్పులో, నడిపేవాడు ఆటమీద లాభం గుంజుకొంటే అది నేరం కావచ్చునని కూడా అన్నది. మొదటి సగం ప్రకటనల్లోకి ఎక్కింది, రెండవ సగం ఎక్కలేదు. మన రాష్ట్రం 2020లో గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బుపెట్టి ఆడే ఆన్‌లైను రమ్మీ, పోకరులను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు నేర్పైనా అదృష్టమైనా డబ్బుతో ఆడే ఆన్‌లైను ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. మంచిదే. నా విద్యార్థి గాజులకు ఆ చట్టాలు ఆలస్యమయ్యాయి.

అయితే నేర్పా అదృష్టమా అన్న ఈ తర్కమే నాకు రుచించదు. శకునిది నేర్పు కాదా? ధర్మరాజు ఓడిపోయింది అదృష్టం చేతిలో కాదు, నేర్పరి చేతిలో. నేర్పరి ఎదుట నేర్పులేనివాడు కూర్చోవడమే అసలు ప్రమాదం. ఇక నలుడి కథ మరీ ప్రమాదకరం. ఋతుపర్ణుడు తానిచెట్టు ఆకులనూ కాయలనూ చూపుతోనే లెక్కగట్టి, నలుడికి అక్షహృదయం ఉపదేశించాడు, నలుడు తిరిగి ఆడి పోయిన రాజ్యం గెలుచుకొన్నాడు. ఓడిన ప్రతివాడూ తాను నలుణ్ణే అనుకొంటాడు, ఇంకొక్క ఆట అంటాడు. ఋగ్వేదం పదవ మండలంలోని అక్షసూక్తంలో జూదరి మాత్రం ఏమీ గెలుచుకోడు. ఆలి పోయింది, తల్లి ఏడుస్తున్నది, పొరుగువారి ఇల్లు చూచి కుములుతున్నాడు. మూడువేల ఏళ్ళనాటి ఆ మనిషి మా విద్యార్థికి నలుడికన్నా దగ్గరి చుట్టం.

ఎదుటి ముఖం కనబడితే చాలు జూదం జూదం కాకుండా పోతుందని మాత్రం నేననను. మా ఆవిడ పుట్టింటివారి రెండెకరాల మాగాణి పోయింది ఎరిగినవారి మధ్యనే, చాపమీదే, అందరి ముఖాలూ లాంతరు వెలుగులో చక్కగా కనబడుతుండగానే. ఈ మాట ఆమె అన్నప్పుడు నా సిద్ధాంతంలో సగం కూలింది. మిగిలిన సగంతో ఒప్పందం చేసుకొన్నాం. బల్లమీదికి డబ్బు రాదు, ఇంటి డబ్బా నుంచి తీసిన చింతపిక్కలే. ఆరు గంటలకు దీపం పెట్టేవేళకు పేక డబ్బాలోకి. మధ్యలో డ్రాపుకు ఎన్ని, ఫుల్‌కౌంటుకు ఎన్ని అన్నది గోడమీద వ్రాసి ఉన్నది. అల్లుడి బల్లకున్న ఇత్తడి గిన్నెలను నేను వద్దన్నాను, మద్యపు వాసన వస్తుందని. ఆమె కావాలన్నది, లేకుంటే కాఫీ బనాతుమీద పడుతుందని. నాలుగు పెట్టించాం.

డబ్బు లేని ఆటకు రుచేమిటని రైల్వే మిత్రుడు మొదటి వారం గొణిగాడు. మూడవ వారం పదకొండు చింతపిక్కల దగ్గర తగాదా పడి కాఫీ తాగకుండా వెళ్ళిపోయాడు. రుచి గూర్చి ఆ తర్వాత ఎవ్వరం మాట్లాడలేదు.

ఆ విద్యార్థి నెలకు వెయ్యి చొప్పున బాకీ తీరుస్తున్నాడు, ఇంకా మూడు నెలలుంది. మొన్న వచ్చినప్పుడు బల్లను చూచాడు. గట్టుమీద చెయ్యి వేసి, పనసకర్రేనా అండి అన్నాడు. ఆదివారం నువ్వూ రారా అని నా నోటిదాకా వచ్చింది. లోపలినుంచి మా ఆవిడ పిలిచి, ఆ మాట అనవద్దని కళ్ళతోనే చెప్పింది. తర్వాత అన్నది, "అతనికి చింతపిక్కలు కూడా వద్దండీ" అని. ఆలోచిస్తే ఆమెదే నిజం. చింతచెట్టు కింద కావలసిన బల్ల అది, ముప్ఫై ఏళ్ళు ఆలస్యంగా చేశాను. కాఫీ ఇచ్చి పంపాం.

వేసవిలో రోహిణీకార్తె ఎండకు గట్టు మూలల్లో ఒకటి గోరుమందం విచ్చుకొన్నది. చలికాలం తేమకు మూసుకొంటుందని వడ్రంగి అన్నాడు, చూడాలి. బనాతుమీది జిగురు మరకకు వేడినీళ్ళు, వెనిగరు రెండూ ప్రయత్నించాను, పోలేదు. మిత్రుల్లో ఎవరికైనా ఉపాయం తెలిస్తే వ్యాఖ్యలో వ్రాయగలరు.